ఆర్డర్ ఇచ్చేది ఎవరో చట్టంలో రాయించండి: రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘానికి బహిరంగ లేఖ

డిసెంబర్ 2025

గౌరవనీయులైన చైర్మన్ గారికి, సభ్యులందరికీ నమస్కారం.

నేను వైమానిక దళంలో సిగ్నల్స్ పని చేసి సార్జెంట్‌గా రిటైరైనవాణ్ని. ఆఫీసర్‌ని కాను, ఢిల్లీలో ఫైళ్లు నడిపినవాణ్ని కాను. పైనుంచి వచ్చిన ఆర్డర్‌ని ఒక్క అక్షరం మారకుండా, ఆలస్యం కాకుండా అందాల్సినవాళ్లకు అందించడమే నా ఉద్యోగం. థియేటర్ కమాండ్ల గురించి, అంటే ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టే ఏర్పాటు గురించి, ఇన్నేళ్లుగా వస్తున్న వార్తలు, ఇంటర్వ్యూలు, టీవీ చర్చలు వదలకుండా చూస్తున్నాను. హెడ్‌క్వార్టర్స్ లక్నోలోనా జైపూర్‌లోనా, కమాండర్ భుజం మీద మూడు నక్షత్రాలా నాలుగా, మొదటి అవకాశం ఏ దళానికి, వీటి గురించి బోలెడంత మాట్లాడారు. నాకు కావాల్సిన జవాబు మాత్రం ఎక్కడా దొరకలేదు. యుద్ధం వచ్చిన రోజున ఆ థియేటర్ కమాండర్‌కి ఆర్డర్ ఇచ్చేది ఎవరు? ఆ సంగతి ఏ చట్టంలో రాసి ఉంటుంది?

ఇది మంత్రిత్వ శాఖని అడగాల్సిన ప్రశ్న కదా అని మీకు అనిపించవచ్చు. నాలాంటివాడు అడిగితే వాళ్లు జవాబు చెప్పాల్సిన పని లేదు, మీరు అడిగితే చెప్పి తీరాలి. రక్షణ కార్యదర్శిని, సైన్యం తరఫున వచ్చే పెద్ద ఆఫీసర్లను మీ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేయగలరు, వాళ్ల సమాధానాన్ని నివేదికలో అచ్చు వేయించగలరు. 2025-26లో రక్షణకు కేటాయించిన 6.81 లక్షల కోట్ల రూపాయల పద్దులు పరిశీలించింది మీ సంఘమే. అంత డబ్బుతో నడిచే సైన్యం ఎవరి మాట మీద కదులుతుందో తేల్చమని అడగడం మీ పని పరిధిలోకి రాదని ఎవరూ అనలేరు.

ఇప్పటి ఏర్పాటు మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే మామూలు జనం కోసం కాస్త చెప్పాలి. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాల సర్వోన్నతాధికారం రాష్ట్రపతిది, ఆ అధికారం ఎలా నడవాలో చట్టం నిర్ణయించాలని కూడా అక్కడే ఉంది. ఆచరణలో ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ నిర్ణయం తీసుకుంటుంది. అక్కడి నుంచి ఆర్డర్ మూడు దారుల్లో కిందికి వస్తుంది. ఆర్మీ చీఫ్ తన కమాండ్లకు చెబుతారు, నేవీ చీఫ్ తన కమాండ్లకు, ఎయిర్ చీఫ్ తన కమాండ్లకు. ఆర్మీకి ఏడు, ఎయిర్‌ఫోర్సుకి ఏడు, నేవీకి మూడు, మొత్తం 17 కమాండ్లు. మూడు దళాలూ కలిసి ఉన్నవి రెండే: ఒకటి అండమాన్ నికోబార్ కమాండ్, రెండోది అణ్వాయుధాలను చూసుకునే స్ట్రాటజిక్ ఫోర్సెస్ కమాండ్.

ఇది నేల మీద ఎలా ఉంటుందో చైనా సరిహద్దు చూస్తే అర్థమవుతుంది. వాస్తవాధీన రేఖ 3,488 కిలోమీటర్లు. లద్దాఖ్ వైపు ఆర్మీ నార్తర్న్ కమాండ్, దాని కేంద్రం ఉధంపూర్. ఉత్తరాఖండ్ వైపు సెంట్రల్ కమాండ్, లక్నో. సిక్కిం, అరుణాచల్ వైపు ఈస్టర్న్ కమాండ్, కోల్‌కతా. అదే సరిహద్దు మీద ఆకాశాన్ని చూసేది ఢిల్లీలోని వెస్టర్న్ ఎయిర్ కమాండ్, ప్రయాగ్‌రాజ్‌లోని సెంట్రల్ ఎయిర్ కమాండ్, షిల్లాంగ్‌లోని ఈస్టర్న్ ఎయిర్ కమాండ్. ఆరు పెద్ద హెడ్‌క్వార్టర్స్, వాటిలో ఏ రెండూ ఒకే ఊళ్లో లేవు, ఆర్మీ కమాండ్ చూసే హద్దు ఎయిర్ కమాండ్ హద్దుతో కలవదు. అటువైపు చైనా 2016 ఫిబ్రవరిలో తన ఏడు సైనిక ప్రాంతాలను రద్దు చేసి ఐదు థియేటర్ కమాండ్లు పెట్టుకుంది. మనతో ఉన్న సరిహద్దు మొత్తం చెంగ్డూ కేంద్రంగా ఉన్న ఒక్క వెస్టర్న్ థియేటర్ కమాండ్ కిందికే వస్తుంది. అక్కడ ఒక కమాండర్ ఒక నిర్ణయం తీసుకుంటే ఇక్కడ ఆరుగురు ఫోన్లలో మాట్లాడుకుని, సరిపడకపోతే ఢిల్లీకి రాసి, అక్కడ ఇద్దరు చీఫ్‌లు కూర్చుని తేల్చుకోవాలి.

నా సర్వీసులో దీని చిన్న రూపం నేనే చూశాను. మా స్టేషన్ పక్కనే ఆర్మీ యూనిట్ ఉండేది. వాళ్ల రేడియో సెట్లకు మా సెట్లకు పొత్తు కుదిరేది కాదు, గోడకి అటు ఇటు ఉన్న మేం అధికారికంగా మాట్లాడుకోవాలంటే కబురు రెండు వేర్వేరు హెడ్‌క్వార్టర్స్ చుట్టి రావాల్సి వచ్చేది. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగుపడింది. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో గగనతల రక్షణ కోసం వైమానిక దళం వాడే ఐఏసీసీఎస్ నెట్‌వర్క్, ఆర్మీ వాడే ఆకాశ్‌తీర్ నెట్‌వర్క్ కలిసి పనిచేసి డ్రోన్లను అడ్డుకున్నాయంటే నాలాంటివాడికి ఎంత సంతోషమో చెప్పలేను. తీగలు కలిశాయి. ఆ తీగల మీద వచ్చే మాట ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు.

చరిత్రలో దీనికి మనం చెల్లించుకున్నది తక్కువేం కాదు. 1962లో వైమానిక దళాన్ని సరుకులు, సైనికులను మోయడానికి వాడారు గానీ యుద్ధ విమానాలతో దాడి చేయించలేదు. 1965 సెప్టెంబర్ 1న ఛాంబ్‌లో పాకిస్తాన్ ట్యాంకులు దూసుకొస్తుంటే ఆర్మీ చీఫ్ జనరల్ చౌదరి వైమానిక సాయం అడిగారు, రక్షణ మంత్రి చవాన్ ఒప్పుకున్నారు, ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేచాయి. ధైర్యంలో ఎవరికీ లోటు లేదు. కానీ ఆ దాడి ముందే కలిసి వేసుకున్న పథకం కాదు, అప్పటికప్పుడు అడిగి తెచ్చుకున్న సాయం. అదే యుద్ధంలో పాకిస్తాన్ నౌకలు ద్వారక మీద గుండ్లు కురిపించి వెళ్లాయి. మన నౌకాదళాన్ని ఆ యుద్ధంలో చాలావరకు పక్కనే ఉంచేశారు.

1971 సంగతి ఎత్తితే అందరి ఛాతీ ఉప్పొంగుతుంది, నాదీ అంతే. సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, మూడు దళాల సమన్వయం చూసే అధికారి) లేకుండా, థియేటర్ లేకుండా గెలవలేదా అని అడుగుతారు. గెలిచాం. అయితే ఎలా గెలిచామో కూడా చూడాలి కదా. మార్చిలో సంక్షోభం మొదలైతే డిసెంబర్‌లో యుద్ధం జరిగింది, మధ్యలో తయారవడానికి నెలలకు నెలలు దొరికాయి. మానెక్‌షా, అడ్మిరల్ నందా, ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ ముగ్గురూ కలిసి పనిచేయగలిగిన మనుషులు. తూర్పున ఆర్మీ కమాండ్ కోల్‌కతాలో, ఎయిర్ కమాండ్ షిల్లాంగ్‌లో, నౌకాదళ కమాండ్ విశాఖపట్నంలో ఉంటే, ఆ దూరం ఇబ్బంది అవుతుందని గ్రహించి వైమానిక దళం కోల్‌కతా ఫోర్ట్ విలియంలోనే అడ్వాన్స్ హెడ్‌క్వార్టర్స్ పెట్టింది. అంటే యుద్ధం కోసం తాత్కాలికంగా థియేటర్ లాంటిది కట్టుకున్నారు, అది ఫలితం ఇచ్చింది. యుద్ధం అయిపోగానే ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ తర్వాత శ్రీలంకలో శాంతి దళం పనిచేసినప్పుడు చెన్నైలో ఓవరాల్ ఫోర్స్ కమాండర్ అనే పదవి సృష్టించారు. పేరులో మొత్తం ఉంది గానీ నౌకలూ విమానాలూ ఆయా దళాల కమాండ్ల చేతిలోనే ఉండిపోయాయి.

కార్గిల్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇప్పటి సంస్కరణలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. 1999 మే నెల మొదట్లో చొరబాటు బయటపడింది. ఆర్మీ హెలికాప్టర్ల సాయం అడిగింది. వైమానిక దళం అన్నది ఏమిటంటే, అంత ఎత్తులో దాడి హెలికాప్టర్లు పనికిరావు, పైగా వైమానిక శక్తిని వాడడమంటే యుద్ధాన్ని ఒక మెట్టు పెంచడమే, దానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. నిజాయితీగా చెబుతున్నా, ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. కొండ కింద నిలబడి పై నుంచి తూటాలు తింటున్న జవాను వైపు నుంచి చూస్తే ఆర్మీది సబబు, ఆ ఎత్తులో హెలికాప్టర్ ఇంజన్ ఏం చేస్తుందో తెలిసినవాడికి వైమానిక దళానిది సబబు. తప్పు ఎక్కడుందంటే, ఈ రెండు వాదనలనూ విని అక్కడికక్కడే తేల్చే మనిషి ఢిల్లీ వరకు ఎక్కడా లేడు. భద్రతా కమిటీ అనుమతి వచ్చాక మే 26న వైమానిక దాడులు మొదలయ్యాయి. ఆర్మీది ఆపరేషన్ విజయ్, వైమానిక దళానిది సఫేద్ సాగర్, నౌకాదళానిది తల్వార్. ఒకే యుద్ధానికి మూడు పేర్లు. 527 మంది ప్రాణాలిచ్చారు. ఆ రోజుల్లో సాగిన చర్చ వల్ల ఇంతమంది పోయారని నేను లెక్క కట్టను, అలా ఎవరూ కట్టలేరు కూడా. కానీ మరోసారి ఆ చర్చ యుద్ధం మధ్యలో జరగకూడదు.

కె. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో కార్గిల్ సమీక్షా కమిటీ వేశారు. తర్వాత ఆడ్వాణీ గారి నాయకత్వంలోని మంత్రుల బృందం 2001లో సీడీఎస్ కావాలని చెప్పింది. ఆ ఏడాదే మూడు దళాల ఉమ్మడి ప్రణాళికలు చూసే ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్, అండమాన్ నికోబార్ కమాండ్ వచ్చాయి, సీడీఎస్ మాత్రం రాలేదు. రక్షణ సంస్కరణల మీద నరేశ్ చంద్ర కమిటీ వచ్చింది, షెకట్కర్ కమిటీ వచ్చింది. చివరికి 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ప్రకటించారు, 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నారు.

ఇక నా అసలు మాట. 2019 డిసెంబర్ 24న కేబినెట్ నిర్ణయం ప్రకటించినప్పుడు అందులో రెండు సంగతులు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి, మొదటి సీడీఎస్ పదవిలోకి వచ్చిన మూడేళ్లలోగా ఆపరేషన్లు, లాజిస్టిక్స్, శిక్షణ, కమ్యూనికేషన్లు, మరమ్మతుల్లో మూడు దళాల మధ్య సమన్వయం తేవాలి. ఆ మూడేళ్లు 2023 మొదట్లోనే అయిపోయాయి. రెండోది ఇంకా ముఖ్యం. సీడీఎస్‌కి ముగ్గురు దళాధిపతులతో సహా ఎవరి మీదా సైనిక కమాండ్ ఉండదు, రాజకీయ నాయకత్వానికి నిష్పాక్షికంగా సలహా ఇవ్వడానికే అలా పెట్టాం అన్నారు.

ఆ కారణం నాకు చాలా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. సలహా ఇచ్చేవాడే యుద్ధం నడిపేవాడైతే తన పథకం బాగాలేదని తానే మంత్రికి చెప్పడం ఏ మనిషికైనా కష్టం. సరే, మరి థియేటర్ కమాండర్లు వస్తే వాళ్లు ఎవరి కింద ఉంటారు? దళాధిపతుల కింద అనుకుందాం, అప్పుడు ఆర్మీ నుంచి వచ్చిన థియేటర్ కమాండర్ ఎయిర్ చీఫ్ మాట ఎందుకు వినాలి, మళ్లీ మొదటికే వచ్చాం. సీడీఎస్ కింద అనుకుందాం, అప్పుడు 2019లో చెప్పిన నిష్పాక్షిక సలహా అన్నది పోతుంది. పైగా ఇప్పటికే ఆయన దళాధిపతుల కమిటీకి శాశ్వత చైర్మన్, రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారు, రక్షణ శాఖలోని సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి. వీటికి యుద్ధం నడపడం కూడా కలిపితే అంత బరువు ఒకే మనిషి మీద, ఒకే గొంతు మంత్రి చెవిలో. పోనీ నేరుగా రక్షణ మంత్రి కింద అనుకుందాం. అప్పుడు మంత్రికి రాత్రి రెండింటికి మ్యాప్ ముందు నిలబడి ఏది సాధ్యమో ఏది కాదో చెప్పే స్టాఫ్ కావాలి, దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు?

ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నా అభిప్రాయం అడిగితే మూడోదే. ఆర్డర్ కేబినెట్ నుంచి రక్షణ మంత్రికి, మంత్రి నుంచి థియేటర్ కమాండర్‌కి వెళ్లాలి. సీడీఎస్ ఆ ఆర్డర్‌ని చేరవేయాలి, దానికి ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్‌ని పెంచి వాడుకోవాలి, ఆయన సొంతంగా ఆర్డర్ పుట్టించకూడదు. కార్యదర్శి పదవిని ఆయన నుంచి వేరు చేయాలి. దళాధిపతులు సైనికులను తయారు చేయాలి, ఆయుధాలు సమకూర్చాలి, శిక్షణ ఇవ్వాలి, ఏదైనా పథకం మీద అభ్యంతరం ఉంటే నేరుగా మంత్రికి రాతపూర్వకంగా చెప్పే హక్కు వాళ్లకు చట్టంలోనే ఉండాలి. ఇది తప్పని మీకు అనిపిస్తే ఇంకోటి ఎంచుకోండి. కానీ ఎంచుకుని రాయండి. ఒక ప్రెస్ నోట్‌తోనో, ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తోనో దీన్ని తేల్చేసి, మిగతాది మనుషుల మధ్య సర్దుబాటుకు వదిలేయొద్దు. 1955లో మూడు దళాల అధిపతుల హోదా పేరును కమాండర్ ఇన్ చీఫ్ నుంచి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌కి మార్చడానికి కూడా పార్లమెంట్ చట్టం చేసింది. పేరు మార్చడానికే చట్టం కావాల్సి వచ్చినప్పుడు, ఆర్డర్ వచ్చే దారినే మార్చడానికి చట్టం అక్కర్లేదా?

చట్టంలో మరో సంగతి కూడా ఉండాలి. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ రావత్, ఆయన భార్య, మరో పన్నెండు మంది చనిపోయారు. దేశమంతా ఏడ్చింది. ఆ తర్వాత జనరల్ అనిల్ చౌహాన్ బాధ్యతలు తీసుకున్నది 2022 సెప్టెంబర్ 30న. దగ్గరదగ్గర పది నెలలు ఆ కుర్చీ ఖాళీ. దళాధిపతుల కమిటీ చైర్మన్ పని జనరల్ నరవణే చూసుకున్నారు, నిజమే. అయితే రేపు సీడీఎస్ ఆర్డర్లు చేరవేసే మనిషి అయ్యాక, ఆయనకు ఏమైనా అయితే మరుక్షణం ఆ పని ఎవరిదో ముందే రాసి ఉండాలి. అమెరికాలో వైస్ చైర్మన్ అని ఒకరు చట్టప్రకారమే ఉంటారు. మనకు అలాంటి ఏర్పాటు లేదు.

ఇప్పుడు నా సొంత దళం గురించి. నేను థియేటర్ కమాండ్లు కావాలంటున్నందుకు పాత మిత్రులు నా మీద కోప్పడుతున్నారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు. వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల జట్లు. 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికాక మిగిలినవి 29. గాల్లో ఇంధనం నింపే ఐఎల్-78 విమానాలు ఆరు. ఐఎల్-76 మీద కట్టిన పెద్ద రాడార్ విమానాలు మూడు. మూడంటే మూడు, అందులో ఒకటి ఎప్పుడూ మరమ్మతులో ఉంటుందనుకోండి. వీటిని రెండు మూడు థియేటర్లకు పంచితే ఎవరికీ చాలవు. పొద్దున పశ్చిమాన ఎగిరిన సుఖోయ్ సాయంత్రానికి తూర్పున ఉండగలదు, అదే దాని బలం, దాన్ని ఒక కమాండర్‌కి కట్టేస్తే ఆ బలమే పోతుంది. 2025 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని మహూలో జరిగిన సమావేశంలో ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్ తొందరపడొద్దని, ముందు ఢిల్లీలో ఉమ్మడి ప్లానింగ్ కేంద్రం పెడదామని అన్నారు. అదే సమావేశంలో నేవీ చీఫ్ థియేటర్లకు మద్దతుగా మాట్లాడారు. నలుగురు పెద్ద అధికారులు జనం ముందే తలో మాట అంటుంటే కొందరికి అది క్రమశిక్షణ లోపంలా కనిపించింది. నాకలా అనిపించలేదు. ఆ అభిప్రాయ భేదం వినాల్సిన చోటు పార్లమెంట్, అక్కడ వినకపోతే వాళ్లు ఇంకెక్కడో చెబుతారు.

నన్నడిగితే ఆ భయానికి జవాబు ఉంది. అన్ని విమానాలనూ పంచనక్కర్లేదు. ఇంధన విమానాలు, రాడార్ విమానాలు, దూరం వెళ్లి కొట్టగల స్క్వాడ్రన్లలో పెద్ద భాగం ఢిల్లీ చేతిలోనే ఉంచి, ఏ థియేటర్‌కి ఏ రోజు ఎంత అన్నది రోజూ నిర్ణయించవచ్చు. థియేటర్ కమాండర్ ఆర్మీ మనిషైనా, ఆయన కింద విమానాలన్నీ నడిపే పని ఒక ఎయిర్‌ఫోర్స్ అధికారికే ఇవ్వాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో కమాండర్ ఆర్మీ జనరల్ ష్వార్జ్‌కాఫ్, కానీ ఆకాశంలో యుద్ధం మొత్తం వైమానిక దళానికి చెందిన చార్లెస్ హార్నర్ చేతి మీదుగా నడిచింది. 2021లో జనరల్ రావత్ వైమానిక దళాన్ని సపోర్టింగ్ ఆర్మ్ (మిగతా దళాలకు సాయపడే విభాగం) అన్నప్పుడు మా దళంలో చాలామంది బాధపడ్డారు, అప్పటి ఎయిర్ చీఫ్ బదౌరియా బహిరంగంగానే కాదన్నారు. ఆ మాట మిగిల్చిన అనుమానం పోవాలంటే ఈ ఏర్పాటు చట్టంలో కనిపించాలి, ఎవరో నోటితో హామీ ఇస్తే పోదు.

ఆపరేషన్ సిందూర్ చూశాం కదా, ఇప్పటి ఏర్పాటుతోనే సమన్వయం కుదిరింది కదా అనేవాళ్లూ ఉన్నారు. నాలుగు రోజుల పోరు, ఒక వైపు శత్రువు, ఢిల్లీలో ఒకే గదిలో కూర్చోగల నాయకత్వం. అది గొప్పగా నడిచింది. నెలల తరబడి, రెండు సరిహద్దులు, సముద్రం కలిసి మండితే ఢిల్లీలోని ఆ ఒక్క గది అన్నిటికీ సరిపోదు. అప్పుడు ఢిల్లీ దేశం మొత్తం మీద దృష్టి పెట్టాలి, ఉత్తర సరిహద్దు పోరు ఉత్తరాన ఉన్నవాళ్లు నడపాలి.

అమెరికా ఎలా చేసిందో మీరు తప్పక చదవాలి, ఎందుకంటే అక్కడ ఆ పని చేసింది చట్టసభ. 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించబోయి ఎడారిలో విఫలమై ఎనిమిది మందిని పోగొట్టుకున్నారు. వేర్వేరు దళాల నుంచి తెచ్చిన మనుషులు సరిగ్గా కలవలేదు. 1983లో గ్రెనడా ద్వీపం మీద దాడి చేసినప్పుడు మళ్లీ అదే తంతు. కాంగ్రెస్ ఏళ్ల తరబడి విచారణలు జరిపింది, దళాలు గట్టిగా వ్యతిరేకించాయి, అయినా 1986లో గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం వచ్చింది. ఆర్డర్ అధ్యక్షుడి నుంచి రక్షణ మంత్రికి, అక్కడి నుంచి కమాండర్‌కి. జాయింట్ చీఫ్స్ చైర్మన్ సలహాదారు, ఆర్డర్ ఇచ్చే వరుసలో ఉండడు. ఉమ్మడి పోస్టింగ్ చేయని ఆఫీసర్‌కి పై పదోన్నతి కష్టం అని కూడా రాశారు, దాంతో ఆఫీసర్ల ఆలోచనే మారింది. చైనా నమూనా మనకు పనికిరాదు, అక్కడ సైన్యం పార్టీది, అడిగే పార్లమెంట్ లేదు. పాకిస్తాన్ 2025 నవంబర్‌లో 27వ రాజ్యాంగ సవరణ తెచ్చి ఆర్మీ చీఫ్‌నే మొత్తం దళాలకు అధిపతిని చేసింది. ఒక దళం మిగతా రెండింటినీ మింగేసే ఆ దారిలో మనం ఒక్క అడుగు కూడా వేయకూడదు.

మనకి మన సొంత అనుభవమే ఉంది, అండమాన్‌లో. 2001లో పెట్టారు. మలక్కా జలసంధికి అంత దగ్గరలో, మూడు దళాలూ ఒకే కమాండర్ కింద. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన కమాండ్ అది. అక్కడ ఏం కుదిరింది, ఏం కుదరలేదు, దళాలు తమ ఓడలను విమానాలను ఎంతవరకు ఇచ్చాయి, ఎందుకు ఇవ్వలేదు అన్నది మీ సంఘం అక్కడికి వెళ్లి, అక్కడ కమాండర్లుగా చేసి రిటైరైనవాళ్లను పిలిచి విని ఒక నివేదిక రాస్తే ఎన్ని కమిటీల పెట్టు అవుతుంది!

పార్లమెంట్‌కి ఇది చేతకాదని నేను అనుకోను. ఒక ఎయిర్‌మన్ ఆర్మీ అధికారి నడిపే ఉమ్మడి సంస్థలో తప్పు చేస్తే, ఆ అధికారికి అతని మీద చర్య తీసుకునే అధికారం ఉండేది కాదు, తన దళానికి తిప్పి పంపాల్సిందే. ఎందుకంటే ఆర్మీ చట్టం, ఎయిర్‌ఫోర్స్ చట్టం 1950వి, నేవీ చట్టం 1957ది, మూడూ వేర్వేరు. దాన్ని సరిచేయడానికి 2023లో ఇంటర్ సర్వీసెస్ ఆర్గనైజేషన్స్ చట్టం చేశారు, 2024 మే 10 నుంచి అమల్లోకి వచ్చింది, 2025 మేలో నియమాలు కూడా వచ్చాయి. కింది స్థాయి జవాను ఎవరి క్రమశిక్షణలో ఉంటాడో ఇంత వివరంగా రాయగలిగినవాళ్లు, పై స్థాయి కమాండర్ ఎవరి ఆర్డర్‌లో ఉంటాడో రాయలేరా?

రహస్యం అంటారేమో. ఏ పథకం ఏమిటి, ఏ స్క్వాడ్రన్ ఎక్కడ అన్నది రహస్యమే, అది అడగడం లేదు. ఆర్డర్ ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో తెలిస్తే శత్రువుకి కలిగే లాభం ఏమీ లేదు. చాలా దేశాలు దాన్ని అచ్చు వేసి పెట్టుకుంటాయి. మనం ఇంతవరకు ఒక జాతీయ భద్రతా వ్యూహ పత్రాన్ని కూడా బహిరంగంగా ప్రచురించలేదు, థియేటర్లు దేని కోసమో చెప్పే పత్రం లేకుండా థియేటర్ల హద్దులు గీయడం ఏమిటో కూడా దయచేసి అడగండి.

2025ని రక్షణ సంస్కరణల సంవత్సరం అని మంత్రిత్వ శాఖే ప్రకటించింది, ఆ సంవత్సరం ఈ నెలతో అయిపోతోంది. రాబోయే బడ్జెట్ సమావేశాల్లో పద్దులు మీ ముందుకు వస్తాయి. ఆ రోజు రక్షణ కార్యదర్శినీ సీడీఎస్ తరఫున వచ్చినవారినీ అడగండి: థియేటర్ కమాండర్ ఎవరికి జవాబుదారీ, ఆయనకు ఆర్డర్ ఎవరిస్తారు, దళాధిపతి ఒప్పుకోకపోతే ఏమవుతుంది, సీడీఎస్ లేని రోజున ఆ పని ఎవరిది, దీనికి బిల్లు ఎప్పుడు తెస్తారు. ముగ్గురు దళాధిపతులను వేర్వేరుగా పిలిపించి వినండి, అందరినీ ఒకేసారి కూర్చోబెడితే ఎవరూ మనసులో మాట చెప్పరు. అండమాన్ కమాండ్‌లో పనిచేసినవాళ్లతో పాటు సుబేదార్లు, వారెంట్ ఆఫీసర్లు, చీఫ్ పెటీ ఆఫీసర్లను కూడా పిలవండి, ఎక్కడ ఏ తీగ తెగుతుందో వాళ్లకు బాగా తెలుసు. జవాబులు రాతపూర్వకంగా తీసుకుని, రహస్యమైనవి పక్కన పెట్టి మిగతాది నివేదికలో అచ్చు వేయించండి. మంత్రిత్వ శాఖ "పరిశీలనలో ఉంది" అని రాస్తే, ఎప్పటిలోగా తేలుస్తారో తేదీ అడిగి ఆ తేదీని కూడా రాయండి.

ఇట్లు,
రిటైర్డ్ సార్జెంట్, భారత వైమానిక దళం